పదమూడో బిస్కెట్టు

కథలు పుట్టే గదికీ పిన్ని వంటగదికీ మధ్య ఒక ప్లైవుడ్ గోడ ఉంది. అది పైకప్పు దాకా పోదు, మూరెడు ఖాళీ వదిలేశారు. దాంతో ఇటు వేగే వేరుశనగల వాసన అటు పోయేది, అటు పుట్టే కథల చప్పుడు ఇటు వచ్చేది. రోజూ ఏడున్నరకి ఊరంతా టీవీల ముందు చేరి ముక్కులు చీదుకునే సీరియల్ తయారయ్యేది అక్కడే. ఎవరు చస్తారో, ఎవరికి మతి పోతుందో, ఏ కోడలు ఏ అత్త పాలల్లో ఏం కలుపుతుందో పిన్నికి ఊరందరికంటే నాలుగు రోజులు ముందే తెలిసేది. బస్సులో పక్క సీటు ఆడవాళ్ళు దాని గురించి వాదించుకుంటూ ఉంటే నోరు కట్టేసుకుని కూర్చోవడం ఆవిడకి పెద్ద శిక్ష.

ఆఫీసులో అందరూ ఆవిడని పిన్ని అనే పిలిచేవారు. ఆవిడకి నలభై ఎనిమిదేళ్ళు. అరవై దాటిన పెద్ద రచయితకి కూడా పిన్ని ఎలా అయిందని ఎవరూ అడగలేదు. ఆ పెద్ద రచయితని అందరూ గురువుగారు అనేవారు. ఎవరికి ఏం నేర్పాడో భగవంతుడికే తెలియాలి గానీ పేరు మాత్రం అలా స్థిరపడిపోయింది.

గురువుగారికి నోట్లో ఏదో ఒకటి కరకరలాడితే తప్ప బుర్ర పని చేసేది కాదు. ఇది నేను అంటున్న మాట కాదు, పత్రికలవాళ్ళకి ఆయనే చెప్పుకునే మాట. కొట్లాట సీనుకి మిరియాల పొడి చల్లిన వేరుశనగలు కావాలి. కుట్రలు పన్నే సీనుకి పల్చటి ఆలూ చిప్స్. ప్రేమ సీనుకి చక్కెర అద్దిన బిస్కెట్లు. ఎవరైనా పోయే సీను ఉంటే కేకు అంచులు కావాలి, అవీ కాస్త మాడినవి. ఏ రోజు ఏ సీనో గోడ మీదుగా విని, దానికి తగ్గట్టు బాణలి పెట్టడం పిన్నికి వెన్నతో పెట్టిన విద్య అయిపోయింది.

ఆ గదికి ఒక పద్ధతి ఉండేది. మూడున్నరకి పిన్ని బిస్కెట్ల పళ్ళెం తెచ్చి బల్ల మీద పెడుతుంది. ముందు గురువుగారు ఒకటి తీసుకుని తన ఆలోచన చెబుతాడు. తర్వాత పళ్ళెం చుట్టూ తిరుగుతుంది. బిస్కెట్టు తీసుకున్నవాడే మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. అలా తిరిగి తిరిగి ఆఖరి బిస్కెట్టు ఎవరి చేతికొస్తే ఆ రోజు ఆఖరి మాట వాళ్ళది. అది తిని, కథ కాగితం కింద సంతకం పెడితే ఇక బ్రహ్మరుద్రాదులు వచ్చినా మార్పు లేదు. తన దగ్గర చిన్నా పెద్దా తేడా లేదనీ, పళ్ళెం ఎవరిని వరిస్తే వాళ్ళదే తీర్పు అనీ గురువుగారు ఎక్కడికి పోయినా చెప్పుకునేవాడు. అందరూ ఆహా అనేవారు.

ఇందులో ఉన్న తిరకాసు పిన్నికి ఒక్కదానికే తెలుసు. గదిలో ఉండేది నలుగురు. గురువుగారు, ఆయన కింద ముగ్గురు. ఒకాయన బట్టతల, ఒకమ్మాయి కళ్ళజోడు, ఇంకొకడు ఏ మాటా సూటిగా చెప్పలేని మనిషి, వాడిని నసుగుడు అనేవారు. పిన్ని చేరిన మొదటి వారంలోనే గురువుగారు వంటగదిలోకి వచ్చి, రోజూ పదమూడు బిస్కెట్లే పెట్టమని నెమ్మదిగా చెప్పాడు. మనిషికి మూడు, పైన ఒకటి. ఆ పైనది ఎవరికి పోతుందో చిన్నపిల్లలు కూడా లెక్క కట్టగలరు. కథలు రాసేవాళ్ళు మాత్రం కట్టలేదు. ఎనిమిదేళ్ళుగా పళ్ళెం గురువుగారినే వరిస్తూ వచ్చింది.

పిన్ని అప్పట్లో దాన్ని తప్పనుకోలేదు. పెద్దాయన, తింటే తిన్నాడులే అనుకుంది. ఆ మాటకొస్తే ఆవిడ ఆయనకి అంతకంటే పెద్దదే పెట్టింది. మూడేళ్ళుగా ఆయన బుర్రలో ఏమీ లేదు. కరకర ఉండేది, కథ ఉండేది కాదు. రోజూ మూడు గంటలకి వంటగది గుమ్మంలో నిలబడి, అరచెయ్యి చాపి, "ఏంటి పిన్నీ విశేషాలు?" అనేవాడు. పిన్ని వేడి వేరుశనగలు ఆ చేతిలో పోసి, తన వీధిలోవీ బస్సులోవీ, లేకపోతే తన బుర్రలో పుట్టినవీ చెప్పేది. ఆయన నములుతూ వినేవాడు. నాలుగు రోజులకి అది టీవీలో కనబడేది. చచ్చాడనుకున్న మేనమామ పెళ్ళి పందిట్లో వచ్చి కూర్చోవడం పిన్నిదే. రెండు తాళాల బీరువా పిన్నిదే. ఇంటికి వెళ్ళి, తనతో కలిసి ఉండే చెల్లెలితో, అది నేను చెప్పిందేనే అని మురిసిపోయేది. నమ్మింది ఆ చెల్లెలొక్కతే. పిన్నికి అంతే చాలు. ఆ గదిలో బల్ల చుట్టూ ఇంకొక కుర్చీ ఉంటే బాగుండునని ఎప్పుడైనా అనిపించేది గానీ, అలా అనిపించినందుకు తనే సిగ్గుపడేది.

ఇక ఆ చెల్లెలి సంగతి చెప్పాలి. ఆరేళ్ళ క్రితం ఆమె మొగుడు చొక్కా మార్చుకుని బయటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. వేరే ఊళ్ళో వేరే ఇల్లు పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. అప్పటికి పాపకి నాలుగేళ్ళు. నాన్న ఏడీ అని గుక్కపెట్టి ఏడుస్తుంటే, నాన్న దూరాన పెద్ద పెద్ద వంతెనలు కడుతున్నాడని తల్లి చెప్పింది. చెప్పిన అబద్ధం నిలవాలి కదా. నెలకొక ఉత్తరం రావడం మొదలుపెట్టింది. పగలంతా బట్టల కంపెనీలో మిషను తొక్కి వచ్చి, పాప ఆడుకోవడానికి పోయిన వేళ తల్లే రాసేది. చేతిరాత పాప గుర్తుపట్టకుండా ఎడమచేత్తో రాసేది. వంకర టింకర అక్షరాలు. నాన్నకి వంతెన మీద కూర్చుని రాస్తే చెయ్యి వణుకుతుందని పాప నమ్మింది. ఆ ఉత్తరాలన్నీ స్కూలు పెట్టెలో దాచుకుంది. నాన్న రాస్తున్నాడన్న ఒక్క ధీమాతోనే ఆ పిల్ల బళ్ళో తల ఎత్తుకుని తిరిగేది.

ఈ సంగతి అక్కాచెల్లెళ్ళ మధ్యే ఉండాల్సింది. మూడు నెలల క్రితం ఒకరోజు పిన్ని పొయ్యి దగ్గర నిలబడి ఉండగా దుఃఖం ఆగలేదు. ముందురోజే పాప, నాన్న వచ్చేటప్పటికి నేను వంతెన అంత పొడుగవుతానా పెద్దమ్మా అని అడిగింది. గుమ్మంలో గురువుగారు ఉన్నాడు. పిన్ని మొత్తం చెప్పేసింది, ఎడమచెయ్యితో సహా. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఇంకో గుప్పెడు వేరుశనగలు నోట్లో వేసుకున్నాడు. మనసున్న మనిషి అనుకుంది పిన్ని, పిచ్చి మొద్దు.

మూడు నెలలకి సీరియల్‌లోకి ఎడంచేతి ఇల్లాలు వచ్చింది.

ఏడిపించడానికి కాదు, నవ్వించడానికి. నాలుక బయటపెట్టి, ముక్కుకి సిరా పూసుకుని, మొగుడి గొంతుతో దగ్గుకుంటూ కూతురికి ఎడమచేత్తో ఉత్తరాలు రాసే ఆడది. ఊరంతా పగలబడి నవ్వింది. వాళ్ళ వీధిలో ఆడవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వారు. అన్నిటికంటే ఘోరం, పాపే నవ్వింది. నాలుక బయటపెట్టి, ఎడమచేత్తో పెన్సిల్ పట్టుకుని, అచ్చం ఆవిడలాగే చేసి తల్లికి చూపించింది. అమ్మా, చూడు, ఎలా రాస్తుందో. తల్లి చూసింది. అన్నం గిన్నె మీద మూత పెట్టింది. పాప పడుకున్నాక అక్కని ఒక్క మాట అడిగింది.

"నువ్వు చెప్పావా అక్కా?"

పిన్ని తల దించుకుంది. అదే జవాబు. ఆ మర్నాటి నుంచి చెల్లెలు ఆవిడతో మాట్లాడటం మానేసింది. తమ తల్లి పోయాక పిన్ని చేతుల మీద పెరిగిన మనిషి. ఎదురుగా కూర్చుని కంచంలో అన్నం పెడుతుంది, మొహం చూడదు. తిట్టినా బాగుండేదని పిన్ని కుమిలిపోయింది.

తర్వాతి సోమవారం ప్లైవుడ్ గోడ మీదుగా ఇంకో మాట వినబడింది. శుక్రవారం ఎపిసోడ్‌లో ఆ ఇల్లాలి కూతురు పరుపు కింద సగం రాసిన ఉత్తరం చూస్తుంది. అందరి ముందూ పైకి చదువుతుంది. నాన్న లేడనీ, రాసేది అమ్మేననీ అప్పుడు తెలుస్తుంది. ఇది గురువుగారి ఆలోచన. ఇంకా సంతకం పడలేదు, బుధవారానికి పడాలి. శుక్రవారం ఏడున్నరకి పాప టీవీ ముందే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆవిడ వేషాలే చూపించారు, ఆ రోజు ఎడమచేతి అక్షరాలు తెర నిండా కనబడతాయి. స్కూలు పెట్టెలో డెబ్బై దాకా ఉత్తరాలున్నాయి. వంకర టింకర అక్షరాలు పోల్చుకోవడానికి పదేళ్ళ పిల్లకి ఎంతసేపు పడుతుంది?

మంగళవారం పొద్దున్నే ఆయన గదిలోకి వెళ్ళి చేతులు జోడించింది. ఎప్పుడూ ఏమీ అడగని మనిషి. మా చెల్లెలి కథ అది, మీకు నేనే చెప్పాను, ఆ ఒక్క సీను వద్దు, పసిది చచ్చిపోతుంది అని బతిమాలింది. గురువుగారు ఆశ్చర్యపోయాడు. నటించలేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. అదే పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కించింది.

"ఏ చెల్లెలు పిన్నీ? అది నాకు స్నానం చేస్తుంటే తట్టింది. ఇలాంటివి లక్ష ఇళ్ళలో ఉంటాయి, అన్నీ మావే అంటే ఎలా?"

ఆ తర్వాత, నిన్నటి వేరుశనగల్లో ఇంకాస్త ఉప్పు తగలాల్సిందని కూడా అన్నాడు.

పిన్ని బయటికి వచ్చింది. వంటగదిలో గట్టు మీద రెండు చేతులూ ఆనించి కాసేపు నిలబడింది. బతిమాలినంతసేపూ భయం ఉంది. ఇప్పుడు భయం పోయి కసి వచ్చింది. సీను ఆపితే చాలదు, ఈ మనిషిని ఆ కుర్చీ నుంచి లాగెయ్యాలి అనుకుంది. లాగినప్పుడు ఎవరు లాగారో కూడా ఆయనకి తెలియాలి. కథలన్నీ స్నానాల గదిలోనే తడతాయా? సరే, తట్టిద్దాం.

ముందు ఆయన బుర్రని ఎండగట్టింది. ఆ మంగళవారం బిస్కెట్ల డబ్బా మూత తీసి, టీ కెటిల్ ఆవిరికి ఎదురుగా గంటసేపు పెట్టింది. మూడున్నరకి పళ్ళెంలో బిస్కెట్లు వేస్తే తడి అట్టముక్కల్లా వంగిపోయాయి. గదిలో ఒక్క కరకర లేదు. గురువుగారు ఒకటి కొరికి, నోట్లో ఇటూ అటూ తిప్పి మింగాడు. మాట రాలేదు. ఉత్తరం ఎవరు చూడాలి, ఎక్కడ చూడాలి, ఏదీ తెగలేదు. ముగ్గురి మీదా అరిచాడు, పెన్ను విసిరేశాడు, తలనొప్పని వెళ్ళిపోయాడు. కాగితం మీద సంతకం పడలేదు.

బుధవారం పిన్ని కొత్త గింజలు తెచ్చింది. సన్న సెగ మీద వెన్న వేసి, గింజ గింజకీ రంగు వచ్చేదాకా కదలకుండా నిలబడి వేయించింది. మిరియాలు అప్పటికప్పుడు దంచి వేసింది. వాసన గోడ దాటింది. ఒకరోజంతా పస్తున్న బుర్ర కదా, గురువుగారు పది నిమిషాలు ముందే గుమ్మంలోకి వచ్చి చెయ్యి చాపాడు.

పిన్ని దోసెడు పోసింది. నిన్న అన్నదానికి ఏమీ అనుకోవద్దంది. ఆ ఉత్తరాల కథ మీదేలెండి, నాకే మతి లేదు అంది. అంటూనే, బాణలి వైపు తిరిగి, ఎంతో మామూలుగా ఇంకొక మాట వదిలింది. ఉత్తరం బయటపడుతుందని మా వీధిలో పిల్లలు కూడా చెప్పేస్తున్నారని.

నమిలే శబ్దం ఆగింది. పిల్లలు కూడానా అన్నాడు ఆయన. పిన్ని తల ఊపింది. ఆయన మొహంలో రంగు మారింది. చూసేవాడు ముందే కనిపెట్టేశాడంటే ఆయనకి తల తీసేసినంత పని. అప్పుడు పిన్ని ఇంకో దోసెడు పోసి, గొంతు తగ్గించి, మా పాత వీధిలో ఒకావిడ ఉండేదండీ, ఎవరికీ చెప్పకండి అంటూ మొదలుపెట్టింది.

ఆవిడ అప్పులపాలై ఉన్న ఇల్లు అమ్మేసింది. ఆర్నెల్లకి అదే ఇంట్లో, కొన్నవాళ్ళ దగ్గరే, పేరు మార్చుకుని వంటమనిషిగా చేరింది. ఎందుకంటే పోయిన మొగుడు ఆ ఇంటి గోడలో ఏదో దాచాడు. అందరూ భోజనాలు చేసే వేళ ఆవిడ ఒక్కొక్క గదిలో గోడ మీద చెంచాతో తట్టి చూసేది. ఒకరోజు ఆవిడ తడుతుంటే, లోపలి నుంచి ఎవరో తిరిగి తట్టారు.

గురువుగారు నోరు తెరిచాడు. నాలుగు గింజలు నేలమీద పడ్డాయి, చూసుకోలేదు. తర్వాత ఏమైంది పిన్నీ అన్నాడు. తర్వాతది ఇంకో రోజు చెబుతానంది.

ఇందులో పాత వీధీ లేదు, ఆవిడా లేదు. పదేళ్ళ క్రితం పోటీ ఛానెల్‌లో మధ్యాహ్నం రెండు గంటలకి రెండేళ్ళపాటు నడిచిన సీరియల్ అది. ఆ రోజుల్లో ఆ అరగంటా పాలు పొంగిపోతున్నా ఆడవాళ్ళు లేచేవారు కాదు. కానీ గురువుగారింట్లో టీవీ లేదు. ఇంకొకరి సీరియల్ చూడటం ఎంగిలి తినడమేనని ఆయన సిద్ధాంతం. తను రాసింది కూడా చూసుకోడు. అంత గొప్పవాడు.

మూడున్నరకి పళ్ళెం వెళ్ళింది. కరకరలాడే బిస్కెట్లు, పదమూడు. పిన్ని ఆ రోజు వెంటనే తిరిగి రాలేదు, ఖాళీ టీ కప్పులు ఏరుతున్నట్టు గుమ్మంలోనే ఉంది. గురువుగారు మొదటి బిస్కెట్టు తీసుకుని, ఉత్తరాలు కట్టిపెట్టండి, పొద్దున స్నానం చేస్తుంటే ఒకటి తట్టింది అని అందుకున్నాడు. ఎడంచేతి ఇల్లాలు ఇల్లు అమ్మేస్తుంది, ఆ ఇంట్లోనే వంటకి చేరుతుంది అని చెప్పుకుంటూ పోయాడు.

గోడ మీద చెంచాతో తట్టే చోటికి వచ్చేసరికి బట్టతలాయన తల ఎత్తాడు. ఆయన తల్లి ఆ సీరియల్ చూస్తూ ఎన్ని అన్నాలు మాడ్చిందో లెక్కలేదు. ఆయన గుమ్మంలో ఉన్న పిన్ని వైపు చూశాడు. పిన్ని కూడా చూసింది, చూపు తిప్పుకోలేదు. ఆయన రాసిన మాటలు ఐదేళ్ళుగా టీవీలో వస్తున్నాయి, పేరు ఒక్కసారీ రాలేదు. టైటిల్స్‌లో కథ, మాటలు గురువుగారివే. బట్టతలాయన తన వంతు బిస్కెట్టు తీసుకుని, అద్భుతంగా ఉంది గురువుగారూ అని చాలాసేపు నమిలాడు. కళ్ళజోడు అమ్మాయికీ అర్థమైంది. ఆమె తల దించుకుని పెదవి కొరుక్కుంది. నసుగుడు మాత్రం, ఇది, అదీ, ఇదివరకెక్కడో, అని మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి పళ్ళెం వాడి చేతిలోకి నెట్టి, కథ బాగుందో లేదో ముందు చెప్పమంది. బాగుందన్నాడు వాడు. పళ్ళెం మూడుసార్లు తిరిగింది. పదమూడోది గురువుగారే తిన్నాడు. కాగితం కింద పెద్ద సంతకం, దాని కింద రెండు గీతలు.

గురువారం షూటింగులో కుర్ర డైరెక్టరు, ఇది ఎక్కడో విన్నట్టుంది గురువుగారూ అన్నాడట. మంచి కథ ఎప్పుడూ ఎక్కడో విన్నట్టే ఉంటుందని ఆయన కసిరాడట. ఇక ఎవరూ నోరెత్తలేదు. ఆయన మాటకి ఎదురు చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళు ఆ భవనంలో అందరికీ తెలుసు.

శుక్రవారం ఏడున్నరకి పిన్ని ఇంట్లో నేలమీద కూర్చుంది. చెల్లెలు టీవీ కట్టేద్దామంటే పాప ఒప్పుకోలేదు. చెల్లెలి చేతివేళ్ళు చీర కొంగుని మెలిపెడుతున్నాయి. ఎడంచేతి ఇల్లాలు వచ్చింది. ఇంటి తాళం చెవులు ఎవరికో ఇచ్చింది. పెట్టె పట్టుకుని వీధిలోకి నడిచింది. ఉత్తరం రాలేదు, పరుపు ఊసే లేదు. అరగంటా అయిపోయింది.

"ఈవిడ ఇల్లు మారిపోయింది కదా పెద్దమ్మా, ఇక ఉత్తరాలు రాయదా?" అంది పాప. ఆ పిల్లకి వెక్కిరించడానికి ఇక ఏమీ మిగల్లేదని దిగులు. రాయదులే, మర్చిపోయి ఉంటుంది అంది పిన్ని. చెల్లెలు లేచి వంటింట్లోకి వెళ్ళింది. పది రోజుల తర్వాత మొదటిసారి ఆమె గొంతు అక్క కోసం పలికింది. అన్నం పెట్టనా అంది, అంతే. పిన్నికి ఏడుపు వచ్చింది. కంచం ముందు కూర్చుని, ఏడుపు మింగుతూ తింది.

ఇక్కడితో ఆపేస్తే మంచి మనిషి అనిపించుకునేది. పిన్నికి ఆ కోరిక లేదు. ఆ మర్నాటి నుంచి రోజుకొక ముక్క అందించింది. గోడలోపల ఉన్నదెవరో, వంటమనిషి పులుసులో ఉప్పెందుకు వెయ్యలేదో, ఆ ఇంటి ముసలాయన చెవుడు ఎందుకు నటించాడో, మాటకి మాట, పొల్లుపోకుండా. గుర్తులేని చోట బట్టతలాయన తన తల్లిని అడిగి తెచ్చి, వంటగదిలోకి నీళ్ళ కోసం వచ్చినట్టు వచ్చి చెప్పిపోయేవాడు. గురువుగారు వయసు పదేళ్ళు తగ్గినట్టు తిరిగాడు. వేరుశనగలు సేరు నుంచి సేరున్నరకి పెరిగాయి. నా రెండో దశ మొదలైందని ఒక పత్రికతో చెప్పాడు కూడా. పిన్ని ఆ పేపరు ముక్క చింపి గట్టు మీద పరిచి, దాని మీద గింజలు ఆరబోసింది.

ఆరో ఎపిసోడ్‌లో గోడలోంచి తిరిగి తట్టిన శబ్దం వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆఫీసు ఫోను మోగడం మొదలై ఆగలేదు. ఊళ్ళో ఉన్న ప్రతి అత్తా ప్రతి అమ్మమ్మా గుర్తుపట్టారు. సాయంత్రానికి పోటీ ఛానెల్‌వాళ్ళు తమ పాత సీరియల్ ముక్కనీ, ఈ కొత్త ముక్కనీ పక్కపక్కన పెట్టి వార్తల్లో చూపించారు. పేర్లు తప్ప ఒక్క మాట తేడా లేదు. ఊరంతా మళ్ళీ పగలబడి నవ్వింది, ఈసారి గురువుగారిని చూసి. ఆ తర్వాతి రోజు లాయరు నోటీసు వచ్చింది.

ఛానెల్ యజమానురాలు ఎప్పుడూ ఆ అంతస్తుకి రాదు. ఆ రోజు వచ్చింది. కథల గదిలో గురువుగారి కుర్చీలో కూర్చుని, సంతకాల కాగితాలు ముందు పరుచుకుంది. ఆఖరి బిస్కెట్టు ఎవరు తిన్నారని అడగాల్సిన పని లేకపోయింది. ఆరు కాగితాల కిందా ఒకే సంతకం, రెండేసి గీతలు. ముగ్గురూ తలలు వంచుకుని నిలబడ్డారు. గురువుగారు తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. చెమట తుడుచుకున్నాడు. ఇక దారి లేక, పిన్నిని పిలిపించమన్నాడు.

పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

గురువుగారు ఆమెని వేలితో చూపించి, గడగడా చెప్పేశాడు. ఈ కథ తనకి చెప్పింది ఈవిడేనని. ఇదొక్కటే కాదు, మూడేళ్ళుగా తను రాసినదంతా ఈవిడ చెప్పిందేనని. పెళ్ళి పందిట్లో మేనమామ, రెండు తాళాల బీరువా, అన్నీ. తన బుర్రలోంచి ఒక్క సీను కూడా రాలేదని. తను మోసపోయానే తప్ప దొంగతనం చెయ్యలేదని. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ గదిలో ఎనిమిదేళ్ళలో ఆయన చెప్పిన మొదటి నిజం అది.

యజమానురాలు పిన్ని వైపు తిరిగింది. రేపు ఏడున్నరకి ఏదో ఒకటి చూపించాలి, ఆవిడ బాధ ఆవిడది.

"ఆయన చెప్పింది నిజమైతే చెప్పు. తెలియక చేశాడని నోటీసుకి జవాబిస్తాను, క్షమాపణ చెప్పించి ఆయన్ని ఉంచుతాను. ఆ కథలు కట్టింది నువ్వే అయితే, రేపట్నుంచి నువ్వూ ఈ బల్ల దగ్గరే కూర్చుంటావు. టైటిల్స్‌లో నీ పేరూ వేస్తాను."

పిన్ని చేతులు తుడుచుకోవడం ఆపింది. నిజమని ఒక్క మాటంటే చాలు. మేనమామ తనవాడే, బీరువా తనదే. చెల్లెలు తప్ప ఎవరూ నమ్మనిదాన్ని, నలుగురి ముందూ, ఆ నోరే ఒప్పుకుంది. బల్ల చుట్టూ చూసింది. కుర్చీలో మెత్త ఉంది, ముందు తెల్ల కాగితాలున్నాయి. తనకి కావాలి అది. ఎంత కావాలో ఆ క్షణందాకా తనకే తెలియదు. గురువుగారు ఆశగా చూస్తున్నాడు. ఆ చూపులో, ఉప్పు కాస్త తగలాల్సిందన్న రోజున ఉన్న మొహమే కనిపించింది పిన్నికి. పాప నాలుక బయటపెట్టి ఎడమచేత్తో రాసి చూపించడం కళ్ళ ముందు ఆడింది.

"నాకు కథలేం తెలుసమ్మా. నేను టీ కాస్తాను, గింజలు వేయిస్తాను. ఆయనెందుకలా అంటున్నారో నాకు తెలియదు," అంది.

యజమానురాలు ముగ్గురినీ అడిగింది. పిన్ని కథలు చెప్పడం తాము ఎన్నడూ వినలేదని బట్టతలాయన చెప్పాడు. కళ్ళజోడు అమ్మాయి తల ఊపింది. నసుగుడు కూడా, చిత్రంగా, నసగకుండా లేదన్నాడు. యజమానురాలు కాగితాలు మడిచి, వంటమనిషి మీదికి నెట్టేంత దిగజారతారని అనుకోలేదని గురువుగారితో అంది. సాయంత్రంలోగా సామాను తీసుకెళ్ళమంది.

పిన్ని వంటగదిలోకి వచ్చి పొయ్యి ఆర్పింది. ఒళ్ళంతా తేలికైంది. ముక్కాలిపీట మీద కూర్చుంది. సంతోషమే, అందులో సందేహం లేదు. కానీ ఆ కథలు తనవని చెప్పగలిగినవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు, వాడి మాట ఇక ఎవరూ నమ్మరు. తను కూడా ఇక చెప్పుకోలేదు. అది తలుచుకుని కాసేపు ఏడ్చింది, కొంగుతో మొహం తుడుచుకుంది.

నాలుగు గంటలకి గురువుగారు చేతిలో సంచీతో గుమ్మంలోకి వచ్చాడు. ఈసారి చెయ్యి చాపలేదు. కోపం కూడా లేదు ఆయన మొహంలో, అర్థం కాకపోవడమే ఉంది.

"నేను పోతే పోయాను. నిజం చెబితే నీ బతుకు బాగుపడేది కదా పిన్నీ. ఎందుకు చెప్పలేదు?"

పిన్ని లేచి నిలబడింది. ఎనిమిదేళ్ళలో ఆయన కళ్ళలోకి సూటిగా చూడటం అదే మొదలు.

"బాగుపడేదాన్నే. కానీ మీరూ బయటపడేవారు. నా బతుకు ఇలాగే ఉన్నా ఫరవాలేదు గానీ, మీరు బయటపడకూడదు."

గురువుగారు సంచీ చెయ్యి మార్చుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.